షాద్‌నగర్ దారిలో నల్లకోటు సంఘాలు

బెంగళూరు హైవే మీద, షాద్‌నగర్‌కు దగ్గర్లో, నందిగామ మండలం మామిడిపల్లిలో 2014లో సింబయోసిస్ లా స్కూల్ మొదలైంది. అదే దారిలో ఇంకా ముందుకు పోతే జడ్చర్లలో ఎన్ఎంఐఎంఎస్ క్యాంపస్, అక్కడా లా చదువు ఉంది. ఇలాంటి చోట్లకు దేశం నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు. వచ్చిన ఏడాదిలోపే భాష, ప్రాంతం, కులం, లైంగికత పేరుతో ఎవరి సర్కిల్ వాళ్లు కట్టుకోవడం ఇప్పటి లా స్కూళ్లలో మామూలే. ఇదంతా అమెరికా ఫ్యాషన్ అని గొణిగే పెద్దలున్నారు. 1968లో న్యూయార్క్ యూనివర్సిటీలో నల్లజాతి లా విద్యార్థులు సొంత సంఘం పెట్టుకున్న మాట నిజమే. కానీ షాద్‌నగర్ వాళ్లు మాత్రం ఆ మాట అనడానికి వీల్లేదు. దానికి ముప్పై రెండేళ్ల ముందు, 1936లో, నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల అయిదో ఆంధ్ర మహాసభ జరిగింది ఈ ఊళ్లోనే. అధ్యక్షత వహించిన కొండా వెంకట రంగారెడ్డి వకీలు.

ఆ సభ మూలం 1921 నవంబరులో ఉంది. హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్లో సంస్కర్త ధోండో కేశవ్ కర్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరుగుతోంది. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో మాట్లాడినవాళ్లను శ్రద్ధగా విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మొదలుపెట్టగానే ఎగతాళి చేశారు. తెలుగువాళ్లు పదకొండు మంది బయటికొచ్చి, టేకుమాల రంగారావు ఇంట్లో కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టారు. దాన్ని నడిపిన మాడపాటి హనుమంతరావు వకీలు. ఆ సంఘం మహాసభగా మారాక, 1930లో జోగిపేట తొలి మహాసభకు అధ్యక్షుడైన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు బిడ్డ, మద్రాసులో లా చదివినవాడు. మరుసటేడు దేవరకొండలో అధ్యక్షపీఠం ఎక్కిన బూర్గుల రామకృష్ణారావు ఇంటిపేరే షాద్‌నగర్ పక్క ఊరి పేరు. ఆయన పుణె ఫెర్గూసన్ కాలేజీలో డిగ్రీ, బొంబాయిలో లా పూర్తిచేసి వచ్చారు.

వీళ్లు వకీళ్లే తప్ప విద్యార్థులు కారు కదా అని అడగొచ్చు. ఆ రెంటినీ కలిపింది హాస్టల్. 1918లో కొత్వాల్ వెంకటరామారెడ్డి పూనికతో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ లేచింది, సురవరం దాని బాధ్యతలు చూశారు. తర్వాత మున్నూరు కాపు, గౌడ, పద్మశాలి హాస్టళ్లూ వచ్చాయి. పల్లె నుంచి పట్నం చదువుకు వచ్చిన పిల్లవాడికి తలదాచుకునే చోటు కులం పేరుతోనే దొరికేది. దాన్ని ఇవాళ తప్పుపట్టడం తేలిక. ఆనాడు వేరే తలుపు ఎక్కడుంది? అయితే ఆ గూడు అందరికీ లేదు. జోగిపేట సభలో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ మాట్లాడటానికే కొందరు అభ్యంతరపెట్టారు. తెలుగును అవమానించారని పుట్టిన ఉద్యమంలో తెలుగు దళితుడు మాట్లాడితే సహించలేనివాళ్లు ఉన్నారన్నమాట. ఏ గుర్తింపు సంఘాన్ని పరీక్షించాలన్నా నేను మొదట చూసేది ఇదే: లోపల ఎవరి నోరు నొక్కుతున్నారు?

హాస్టళ్లు తలదాచుకునే చోట్లుగానే ఉండిపోలేదు. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టారు. అదే కారణంతో కాలేజీ వదలాల్సి వచ్చినవాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆయనా ఫెర్గూసన్‌లో చదివి, నాగపూర్‌లో లా పట్టా తీసుకున్నారు.

చరిత్ర ఎదురుతిరిగింది 1952లో. బూర్గుల అప్పటికి హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి. బయటివాళ్లకు ఉద్యోగాలిస్తున్నారని ముల్కీ, అంటే స్థానిక, విద్యార్థులు వీధికెక్కారు. సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో కొందరు చనిపోయారు. భాషాభిమానంతో సభలు నడిపిన మనిషి, ప్రాంతాభిమానంతో వచ్చిన పిల్లల ముందు ప్రభుత్వంగా నిలబడాల్సి వచ్చింది. సంఘం పెట్టడం కన్నా, అధికారంలో కూర్చుని ఇంకొకరి సంఘం మాట వినడం కష్టమని బూర్గుల కథే చెబుతుంది.

ఆ తర్వాత 1969 తెలంగాణ ఉద్యమం, 2009 తర్వాత ఉస్మానియా విద్యార్థి జేఏసీ అందరికీ తెలిసినవే. మలుపు మాత్రం ఇంకోచోట ఉంది. 1993లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టింది. అంబేడ్కర్ తానే బారిస్టరు, బొంబాయి ప్రభుత్వ లా కాలేజీ ప్రిన్సిపాల్. ఆయన పేరుతో వచ్చిన సంఘం చర్చను హాస్టల్ గది నుంచి రాజ్యాంగంలోకి లాగింది. 2016 జనవరిలో ఆ సంఘానికి చెందిన పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణంతో ఆ చర్చ దేశమంతా పాకింది. శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీలో సావిత్రిబాయి పేరుతో స్టడీ సర్కిల్ నడిచింది. అదే నల్సార్ 2022లో ఎల్‌జీబీటీక్యూ విద్యార్థులకు హాస్టల్లో కొంత చోటు కేటాయించింది. జోగిపేటలో ఒక్కడి ప్రసంగానికి పడిన ఇబ్బందిని తలచుకుంటే ఇది చిన్న దూరం కాదు.

చిత్రమేమిటంటే, సింబయోసిస్ సంస్థ పుట్టుకే ఇలాంటిది. 1971లో ఎస్.బి. ముజుందార్ పుణెలో విదేశీ విద్యార్థుల కోసం పెట్టిన సాంస్కృతిక కేంద్రం అది. ఆయన ఫెర్గూసన్ కాలేజీ హాస్టల్ రెక్టర్. బూర్గుల, పి.వి. చదువుకోవడానికి వెళ్లిన కాలేజీ నుంచి బయలుదేరిన ఆలోచన తిరిగి షాద్‌నగర్ పక్కన లా స్కూలై నిలిచింది. 1936 సభాధ్యక్షుడి పేరు పెట్టుకున్న రంగారెడ్డి జిల్లాలోకే, 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు, అంతవరకు మహబూబ్‌నగర్‌లో ఉన్న షాద్‌నగర్ వచ్చి చేరింది.

నా మట్టుకు, పండగ రోజు బతుకమ్మ ఆడి, ఫుడ్ స్టాల్ పెట్టి, ఫొటోలు దిగి మురిసిపోయే సంఘాల మీద పెద్ద గౌరవం లేదు. సంబరాలు వద్దనను, అవి సరిపోవంటున్నాను. ఆంధ్ర జన సంఘం నిలిచింది తెలుగు మీద ప్రేమ ఒక్కదానితోనే కాదు. వెట్టి చాకిరీ చట్టవిరుద్ధమని కరపత్రాలు వేసి పల్లెలకు చేర్చింది, గ్రంథాలయాలు పెట్టించింది. నిజాం ఫర్మానాల్లో ఉన్న మాటను రైతుకు అర్థమయ్యే తెలుగులో చెప్పింది. ఇప్పటి లా స్కూళ్లకూ ఉచిత న్యాయ సహాయ కేంద్రాలున్నాయి. క్యాంపస్ చుట్టూ భూమి ధరలు ఆకాశాన్నంటుతున్నాయి, పాస్‌బుక్‌లో పేరు ఎందుకు మారిందో తెలియని రైతులున్నారు. లా స్కూల్లోని ఏ భాషా సంఘమైనా, ఏ అంబేడ్కర్ సర్కిలైనా నెలకొక ఆదివారం నందిగామ, కొత్తూరు మండలాల ఊళ్లకు వెళ్లి ఆ భూమి కాగితాలు తెలుగులో చదివి చెప్పాలి. తెలుగు రాని విద్యార్థులు తెలుగు వచ్చిన తోటివాళ్లను వెంటబెట్టుకుని వెళ్లొచ్చు.