జీతం వెనక కంచం

పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు మన ఇళ్ళలో ఒక ప్రశ్న ఇప్పటికీ పోలేదు: "అబ్బాయిది గవర్నమెంటా, ప్రైవేటా?" మధ్యలో ఐటీ వచ్చింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక, రిటైర్ కాబోతున్న నాన్న చివరి జీతాన్ని కొడుకు మొదటి జీతమే దాటేయడం చాలా ఇళ్ళు చూశాయి. అయినా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ గదులు ఖాళీ కాలేదు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు కూడా అక్కడే కూర్చుని కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్నారు.

ఇంకోపక్క, పీఆర్‌సీ ప్రకటన వచ్చిన ప్రతిసారీ వినబడే మాట ఒకటుంది: "వీళ్ళకెందుకంత? బయట ఇదే పనికి సగం కూడా ఇవ్వరు." ఈ మాట వట్టి ఉక్రోషం కాదు, దీనికి లెక్క ఉంది. 2015లో ఏడో కేంద్ర వేతన సంఘం ప్రభుత్వ జీతాలనూ ప్రైవేటు జీతాలనూ పోల్చి చూడమని అహ్మదాబాద్ ఐఐఎంని అడిగింది. ప్రభుత్వంలో అట్టడుగున ఉన్న హెల్పర్‌కి అన్నీ కలిపి నెలకి 22,579 రూపాయలు వస్తున్నాయనీ, అదే పనికి ప్రైవేటులో 8,000 నుంచి 9,500 దాకా మాత్రమే వస్తోందనీ తేలింది. రెట్టింపు కన్నా ఎక్కువ.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టగానే మన కన్ను మొదటి అంకె మీదికే పోతుంది. ఇంత ఎక్కువా, అనిపిస్తుంది. రెండో అంకెని చూసి ఇంత తక్కువా అని అడగడం మనకి అలవాటు లేదు. ఆ అలవాటు ఎందుకు లేదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

బ్రిటిష్ వాళ్ళ సూత్రం సూటిగా ఉండేది. 1912లో ఏర్పడ్డ ఇస్లింగ్టన్ కమిషన్ ప్రకారం, తగిన మనుషుల్ని పనిలోకి రప్పించి నిలబెట్టుకోవడానికి ఎంత అవసరమో అంతే ఇవ్వాలి, అంతకు మించి అక్కర్లేదు. అంటే ధర నిర్ణయించేది బజారు. బంట్రోతు పనికి గుమ్మం ముందు వందమంది నిలబడి ఉంటే ఆ జీతం ఎంతకి దిగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ సూత్రం ఒక్కటే చాలదన్నది మొదటి కేంద్ర వేతన సంఘం. జస్టిస్ వరదాచారి అధ్యక్షతన 1946లో ఏర్పడి, స్వాతంత్ర్యానికి కొద్ది నెలల ముందు నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం కూడా ఒక యజమానే, బతకడానికి చాలని జీతం ఇచ్చి ఇతర యజమానులకి నీతులు చెప్పలేదు అన్నది దాని వెనకున్న ఆలోచన. కరువు భత్యంతో కలిపి కనీసం 55 రూపాయలు ఇవ్వమంది. తరవాత రాజ్యాంగం 43వ అధికరణంలో 'జీవన వేతనం' అన్న మాట చేరింది. అది ఒక్క ప్రభుత్వోద్యోగుల కోసం రాసింది కాదు, పనిచేసే వాళ్ళందరి కోసం.

బతకడానికి చాలినంత అంటే ఎంత? దానికి జవాబు ఒక పోషకాహార శాస్త్రవేత్త లెక్కల్లోంచి వచ్చింది. వాలెస్ ఐక్రాయిడ్ 1935 నుంచి పదేళ్ళపాటు కూనూరులోని పోషకాహార పరిశోధనశాలకి డైరెక్టర్. బెంగాల్ కరువు మీద విచారణ జరిపిన కమిషన్‌లో ఆయనా సభ్యుడే. ఆ పరిశోధనశాలే తరవాత హైదరాబాద్‌కి తరలి వచ్చింది. ఇవాళ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే.

1957లో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చున్న 15వ భారత కార్మిక సదస్సు ఐక్రాయిడ్ లెక్కని పట్టుకుని కనీస వేతనానికి కొలత తయారు చేసింది. మనిషికి రోజుకి 2,700 కేలరీలు. సంవత్సరానికి తలకి 18 గజాల బట్ట. ఇంటద్దె. పొయ్యికీ దీపానికీ ఇతర ఖర్చులకీ మొత్తంలో 20 శాతం. కుటుంబాన్ని మూడు వంతులుగా లెక్కేశారు: సంపాదించే మగవాడు 1, భార్య 0.8, పిల్లలిద్దరూ 0.6 చొప్పున. ఆ లెక్కలో ఆడవాళ్ళ సంపాదన లేదు, వాళ్ళ ఆకలి కూడా కాస్త తక్కువే. ఆ లోపం అలా ఉంచితే, ఈ దేశంలో జీతాన్ని బజారు వైపు నుంచి కాక కంచం వైపు నుంచి లెక్కగట్టిన ముఖ్యమైన కొలత ఇది.

ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ కంచం గుమాస్తా కోసం తయారైంది కాదు. మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే కార్మికుల కోసం తయారైంది. ప్రభుత్వోద్యోగులు మాకూ అదే కొలత పెట్టండి అని రెండో వేతన సంఘాన్ని అడిగితే, అది ప్రభుత్వాన్ని కట్టిపడేసే ఒప్పందం కాదన్నారు. ఆ కొలత ప్రకారం సుమారు 125 రూపాయలు రావాలి. 1959లో సంఘం సిఫారసు చేసింది 80. మరుసటి ఏడు జూలైలో కేంద్ర ప్రభుత్వోద్యోగులు దేశమంతా సమ్మెకి దిగారు. నెహ్రూ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆ సమ్మెని నిషేధించింది. అయిదు రోజుల్లో అది ముగిసింది.

అంటే 1960లో ప్రైవేటు కార్మికుడి కోసం రాసుకున్న కొలతని చూపించి ప్రభుత్వోద్యోగి "నాకూ అంత ఇవ్వండి" అన్నాడు. 1974లో రైల్వే కార్మికులు ఇరవై రోజులు రైళ్ళు ఆపినప్పుడు కూడా, ప్రభుత్వరంగ సంస్థల్లో వాళ్ళతో సమానంగా జీతాలివ్వాలన్నది వాళ్ళ డిమాండ్లలో ఒకటి. పోలికని పైకి ఎక్కే నిచ్చెనలా వాడుకున్న కాలం అది.

ఆ తరవాత నిచ్చెన తిరగబడింది. సంఘాలు గట్టిగా ఉన్నచోట, ఓట్లు లెక్కలోకి వచ్చేచోట, అంటే ప్రభుత్వంలో, జీతం మెల్లగా కంచం దాకా చేరింది. ఏడో వేతన సంఘం 18,000 కనీస వేతనాన్ని నిర్ణయించింది ఆ 1957 కొలతని ఆధారం చేసుకునే. తలకి రోజుకి 475 గ్రాముల బియ్యమో గోధుమలో, 80 గ్రాముల పప్పు, 200 మిల్లీలీటర్ల పాలు అంటూ లెక్క సాగుతుంది. 2015 ధరల్లో తిండీ బట్టా కలిపితే సుమారు 9,200 రూపాయలు తేలాయి. పొయ్యి, కరెంటు, పండగ, పెళ్ళి, అద్దె ఇంకా ఆ పైన.

ఇప్పుడు ఐఐఎం చెప్పిన రెండో అంకెని మళ్ళీ చూడండి. ప్రైవేటు హెల్పర్‌కి 8,000 నుంచి 9,500. అంటే నలుగురున్న ఇంట్లో తిండికీ బట్టకీ బొటాబొటిగా సరిపోతుంది. ఆ ఇంటికి అద్దె లేదు, దీపం లేదు. కొలత ఎవరి కోసం పుట్టిందో వాళ్ళకే అది అందలేదు. 2017లో కేంద్రం దేశమంతటికీ సూచించిన కనీస కూలి రోజుకి 176 రూపాయలు. నెలకి 26 రోజుల పని దొరికితే 4,576.

ఈ తేడాకి మనం కనుక్కున్న పరిష్కారం కింది అంకెని పెంచడం కాదు, పై అంకె వచ్చే ఉద్యోగాన్ని తీసేయడం. 2008లో ఆరో వేతన సంఘం గ్రూప్ డి అన్న వర్గమే వద్దంది. ఉన్నవాళ్ళని గ్రూప్ సిలోకి తీసుకున్నారు. ఊడ్చే పని, కాపలా పని మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏజెన్సీ చేతికి పోయింది. తెలంగాణలో 2021 పీఆర్‌సీలో రెగ్యులర్ ఉద్యోగి కనీస మూలవేతనం 19,000. దానిమీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ. అదే ఏడాది అవుట్‌సోర్సింగ్ వాళ్ళ కింది శ్రేణికి అన్నీ కలిపి 15,600 ఖాయం చేశారు. ఇక ప్రైవేటు జీతాన్ని చూడ్డానికి బయటికి వెళ్ళక్కర్లేదు. అదే ఆఫీసులో, అదే బల్ల పక్కన నిలబడి ఉంది. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకీ సమాన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లో పంజాబ్ కేసులో చెప్పింది. అయినా ఏజెన్సీ మధ్యలో ఉంటే యజమాని ఎవరన్న దగ్గరే వాదన ఆగిపోతుంది.

పన్ను కట్టేవాడి కోపంలో న్యాయం లేదని కాదు. ప్రైవేటు సెక్యూరిటీ గార్డు కొనే సబ్బు మీది పన్ను కూడా ఆ జీతాల్లోకే పోతుంది. జీతం చాలక గీతం అడిగే ఆఫీసులూ, జీతం చాలినా గీతం మానని ఆఫీసులూ అతను చూసే ఉంటాడు. పైస్థాయిలో కథ వేరు. కేంద్రంలో సెక్రటరీకి అదే సంఘం ఇచ్చిన జీతం 2,25,000. పెద్ద కంపెనీల్లో పైవాళ్ళు దీన్ని చూసి ఈర్ష్యపడరు. ప్రభుత్వం బజారుని మించి ఇస్తోందన్న మాట ముఖ్యంగా కిందిమెట్టుకే వర్తిస్తుంది. మరి అక్కడ బజారు ఇచ్చేది కడుపుకి కూడా చాలట్లేదు.

2025లో ఎనిమిదో కేంద్ర వేతన సంఘం ఏర్పడింది. అది పరిశీలించాల్సిన విషయాల్లో ప్రైవేటు రంగంలో జీతభత్యాలు కూడా ఉన్నాయి. అంటే ఇంకో పోలిక వస్తుంది, ఇంకో రెండు అంకెలు పక్కపక్కన నిలబడతాయి. అప్పుడు టీవీ చర్చల్లో "గవర్నమెంటు వాళ్ళకి ఎంత ఎక్కువో" అని మొదలవుతుంది. ఆ రోజు మూడో అంకెని కూడా పక్కన పెట్టుకుని చూద్దాం: ఆ నెలలో నలుగురికి బియ్యం, పప్పు, పాలు, బట్ట, అద్దె ఎంతవుతాయో. ఆ లెక్క వేసే పద్ధతి మన దగ్గర 1957 నుంచీ ఉంది.