గుండెలో విరిగిన కమ్మీ

బ్యోర్క్-షైలీ కన్వెక్సో-కాన్కేవ్ అనే నోరు తిరగని పేరున్న గుండె కవాటం అమ్మకాలు ఆగిపోయి 40 ఏళ్లు. దాన్ని తలచుకుంటూ ఎవరూ సభలు పెట్టరు. పెట్టదగ్గ కథే.

కవాటాల దగ్గర రక్తం సుడి తిరగడాన్ని 16వ శతాబ్దం మొదట్లోనే లియోనార్డో బొమ్మ గీశాడు. 1628లో హార్వే రక్తప్రసరణను వివరించాడు. ఆ తర్వాత మూడొందల ఏళ్లు దాటినా చెడిన కవాటానికి మందు లేదు. 1952లో చార్లెస్ హఫ్నగెల్ ప్లాస్టిక్ గొట్టంలో బంతి పెట్టి బృహద్ధమనిలో అమర్చాడు. దాని టకటక పక్కవాళ్లకూ వినిపించేది. 1960లో ఆల్బర్ట్ స్టార్, లోవెల్ ఎడ్వర్డ్స్ పంజరంలోని బంతిని గుండెలోకే చేర్చారు. తొలినాటి సిలికోన్ బంతులు కొన్ని రక్తంలోని కొవ్వును పీల్చుకుని ఉబ్బి పగిలాయి. తయారీ పద్ధతి మార్చాక ఆ బెడద తగ్గింది.

అసలు కథ 1979లో మొదలవుతుంది. స్వీడన్ సర్జన్ వైకింగ్ బ్యోర్క్, కాలిఫోర్నియా ఇంజినీరు డొనాల్డ్ షైలీ బంతికి బదులు వాలే బిళ్ల పెట్టి అప్పటికి పదేళ్లు. రక్తం గడ్డకట్టకుండా ఇంకాస్త ధారాళంగా పారాలని ఈసారి బిళ్ల వంపు మార్చారు. బిళ్లను పట్టి ఉంచేవి రెండు కమ్మీలు. ఒకటి రింగుతో కలిపి ఏకంగా తీసింది. రెండోది రెండు కాళ్లను వెల్డింగ్ చేసి నిలబెట్టింది. మూసుకునేటప్పుడు బిళ్ల ఒక్కోసారి ఆ రెండో కమ్మీ కొనను కొట్టేది. గుండె ఏడాదికి దాదాపు 4 కోట్లసార్లు కొట్టుకుంటుంది. ఒక కాలు విరిగేది, కొన్నాళ్లకు రెండోదీ విరిగేది. బిళ్ల జారి రక్తంతోపాటు కొట్టుకుపోయేది.

సుమారు 86,000 మందికి ఆ కవాటం వేశారు. ఆరు వందలకు పైగా విరిగాయి. ఆ రోగుల్లో మూడింట రెండొంతుల మంది బతకలేదు. అమెరికాలో అమ్మకుండా బయటి దేశాలకు పంపిన, బిళ్ల 70 డిగ్రీలు తెరుచుకునే రకం మరీ ఎక్కువగా విరిగింది. ఎగుమతి సరుకంటే మేలురకమని నమ్మేవాళ్లు గమనించాలి.

1986లో అమ్మకం ఆపేశారు. మరి గుండెల్లో ఉండిపోయిన వాటి సంగతి? భేషుగ్గా పనిచేస్తున్నదాన్ని తీయాలన్నా మళ్లీ ఛాతీ తెరవాలి, అదీ ప్రాణగండమే. రోగి వయసు, కవాటం సైజు చూసి డాక్టర్లు ఏ ముప్పు పెద్దదో లెక్కలు కట్టారు. 1992 నాటి ఒప్పందంలో షైలీ కంపెనీ యజమాని ఫైజర్, కవాటం విరగని వాళ్లకు కూడా పరిహారం ఒప్పుకుంది. భయానికీ ఖరీదు కట్టారన్నమాట.

తర్వాతి చరిత్ర ఒక దారిన నడవదు. 1990లో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో వలియత్తాన్ బృందం చవక కవాటం సాధించింది. అంతకుముందు నీలమణి బిళ్లతో చేసిన నమూనా జంతు ప్రయోగంలో విరిగింది. ఇన్‌ఫెక్షన్ రాకూడదని వెండి పూత పూసిన సిల్జోన్ కవాటం అంచుల్లో లీకవుతోందని 2000లో వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు విరగడం అరుదు, గడ్డకట్టడమే దిగులు. గడ్డకట్టకుండా వాడే పాత మందు వార్ఫరిన్ బదులు కొత్త మందు డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన పరీక్షను 2012లో మధ్యలోనే ఆపాల్సి వచ్చింది: గడ్డలూ ఎక్కువే, రక్తస్రావమూ ఎక్కువే. కాబట్టి పాత మాత్రే, రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్‌ఆర్ పరీక్షే. వారమంతా పాలకూర ముట్టకుండా ఆదివారం ఒక్కసారే గిన్నెడు పాలకూర పప్పు లాగిస్తే ఆ లెక్క కాస్తా తప్పుతుంది.