మన్రోలప్ప

కడప వైపు ఒకప్పుడు మగపిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారు. ఎల్లప్ప, హనుమప్ప, నాగప్ప అని పిలిచి అలవాటైన సీమ నోటికి ఇది కూడా ఏ గుట్టమీది దేవుడి పేరో అనిపిస్తుంది. కానీ ఇక్కడ 'అప్ప'కు ముందున్నది దేవుడు కాడు. ఏడు సముద్రాల అవతలి ఒక ఇంటిపేరు.

మన వాళ్లకు తెల్లవాడంటే ఇంగ్లీషు దొరే. ఆ లెక్కన మన్రో అనేది ఇంగ్లీషు ఇంటిపేరైపోయింది. నిజానికి ఆ పేరు పుట్టినిల్లు ఇంగ్లండు కాదు, స్కాట్లండు. ఆ దేశపు ఉత్తరాన, రాస్ ప్రాంతంలో, ఫౌలిస్ కోటను నమ్ముకుని బతికిన వంశం పేరది. ఆ వంశాన్ని కదిలిస్తే కథ ఇంకా వెనక్కి వెళుతుంది. తమ పూర్వీకులు ఐర్లండులో రో అనే నది దగ్గర ఉండేవారని వాళ్లలో తరతరాలుగా చెప్పుకుంటారు. అక్కడి గేలిక్ భాషలో ఆ వంశం పేరుకు 'రో దగ్గరివాడు' అని అర్థం చెబుతారు. నది వెళ్లి కలిసే చోటును ఆ భాషలో 'బన్' అంటారు కాబట్టి, 'బన్ రో' కాస్తా మన్రో అయిందని మరో వివరణ.

ఇందులో మనకు వింతేమీ లేదు. మన ఇంటిపేర్లలో సగం ఊళ్లవే కదా. నంద్యాలవాళ్లు, గుత్తివాళ్లు, కడపవాళ్లు. ఊరు విడిచి తరాలు గడిచినా పేరు మాత్రం ఆ ఊరి మట్టిని మోస్తూనే ఉంటుంది. మన్రోవాళ్లు మోసింది ఒక నది పేరు.

ఆ పేరు లోకమంతా తిరిగింది. అమెరికాకు వెళ్లి స్పెల్లింగు మార్చుకుని, ఐదో అధ్యక్షుడు జేమ్స్ మన్రో పేరైంది. ఆయన మీదుగా ఆఫ్రికాలోని లైబీరియా రాజధానికి మన్రోవియా అని పేరొచ్చింది. నార్మా జీన్ అనే అమ్మాయి సినిమాల్లోకి వస్తూ తల్లి పుట్టింటి పేరును తగిలించుకుని మార్లిన్ మన్రో అయింది. 2013లో సాహిత్యంలో నోబెల్ అందుకున్న ఆలిస్ మన్రోకు అది మెట్టినింటి పేరు. స్కాట్లండులోనైతే కొండలకూ పాకింది. 3,000 అడుగులు దాటిన పర్వతాల జాబితాను సర్ హ్యూ మన్రో 1891లో తయారుచేస్తే, ఆ పర్వతాలనే 'మన్రోలు' అనడం మొదలైంది. ఇప్పటి లెక్కలో అవి 282. అన్నీ ఎక్కాలని పట్టుబట్టే వాళ్లు అక్కడ బోలెడుమంది.

ఇక మన సీమకు ఆ పేరు తెచ్చినవాడు థామస్ మన్రో. 1761లో గ్లాస్గోలో ఒక వర్తకుడి ఇంట పుట్టాడు. పద్దెనిమిదేళ్లకు, 1780లో, ఈస్టిండియా కంపెనీ సైనిక కొలువుకు మద్రాసులో దిగాడు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి ధారపోశాక ఇక్కడికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. అప్పుడిది దత్తమండలం.

ఆ ఏడేళ్లలో ఆయన ఎక్కువగా బతికింది గుడారాల్లో. ఊరూరా తిరిగి పొలాలు కొలిపించాడు. మధ్యలో జమీందారు లేకుండా సర్కారు నేరుగా రైతుతోనే లెక్క చూసుకునే రైత్వారీ పద్ధతిని ఇక్కడ పాతుకునేలా చేశాడు. ఆయనను మరీ దేవుణ్ణి చేయనక్కర్లేదు. పాలెగాళ్లను అణిచింది ఆయనే. శిస్తు బరువుగానే పడింది. అయితే ఆ సంగతి ఒప్పుకున్నదీ ఆయనే. 1807లో వెళ్లిపోతూ, శిస్తులో నాలుగో వంతు తగ్గించాలని పైకి రాశాడు. కరువు సీమలో ఈ మాట అన్న అధికారిని జనం మరిచిపోరు.

ఆయన పేరు మంత్రాలయంలో ఎలా నాటుకుందో 1904లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన బళ్లారి జిల్లా గెజిటీరులో ఉంది. మంత్రాలయం ఉన్న ఆదోని తాలూకా అప్పటికి బళ్లారిలో భాగం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడే అది కర్నూలు జిల్లాకు వచ్చింది. తుంగభద్ర ఒడ్డున ఉన్న మంత్రాలయం పాత పేరు మంచాల. ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కాలంలో, ఆయన దివాను వెంకన్న ద్వారా ఈ ఊరు రాఘవేంద్రస్వామికి దక్కింది. 1671లో స్వామి ఇక్కడే బృందావన ప్రవేశం చేశారు.

కంపెనీ వచ్చాక మఠం మాన్యాన్ని తిరిగి లాక్కుంటారన్న మాట పుట్టింది. విచారణకు మన్రో వచ్చాడు. టోపీ తీశాడు, బూట్లు విప్పాడు, బృందావనం ముందు నిలబడ్డాడు. స్వామి బయటికి వచ్చి ఆయనతో మాన్యం సంగతి మాట్లాడారట. చుట్టూ ఉన్నవాళ్లకు దొర మాటలే తప్ప స్వామి కనబడలేదు, వినబడలేదు. మన్రో గుడారానికి వెళ్లి, మాన్యం లాక్కునే ప్రతిపాదనను కొట్టేశాడు. తనకిచ్చిన మంత్రాక్షతలను ఆ పూట తన వంటలో కలపమన్నాడు.

ఇది జనం చెప్పుకునే కథగానే గెజిటీరులోకి ఎక్కింది. మన్రోకు మాత్రమే స్వామి ఎందుకు కనిపించారంటే, ఆయనలోనూ దైవాంశ ఉందని జనం జవాబు. అంటే కథలో ఆయన అప్పటికే సగం మనవాడైపోయాడు. పేరు మారడమే తరువాయి.

మార్చేశారు కూడా. మన్రోను మాండవ ఋషి అన్నారు. చెవికి దగ్గరగా ఉన్న పేరు కావడం ఒక కారణమనుకోవాలి. ఆ పేరు ఇక్కడికి కొత్తదీ కాదు, రాయచోటి పక్కన పారే ఏరు పేరు మాండవ్య. భారతంలో మాండవ్యుడు చేయని నేరానికి కొరత వేయించుకున్న ముని. తీర్పులు చెప్పే కలెక్టరుకు, తప్పు తీర్పుకు బలైన ముని పేరు! ఇక మన్రోలప్పలో ఆ 'ల' ఎక్కడిదంటే, నా ఊహ ఇది: దొరను ఏకవచనంలో అనలేక, శాస్త్రిని శాస్త్రులు అన్నట్టు మన్రోలు అని ఉంటారు. ఆ గౌరవ బహువచనానికి 'అప్ప' చేరితే మన్రోలప్ప.

చావు కూడా ఆయనను ఈ సీమకే తెచ్చింది. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. పదవి దిగి స్వదేశం వెళ్లేముందు ఈ జిల్లాలను చివరిసారి చూసిపోదామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పాతిపెట్టి, తర్వాత అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. దీనికీ జనం ఒక కథ అల్లుకున్నారు. వేంపల్లె దగ్గర పాపఘ్ని కొండల్ని చీల్చుకు పోయే గండిలో, రాముడి కోసం కట్టిన బంగారు తోరణం ఉంటుందట. చావు దగ్గరపడ్డవాళ్లకే అది కనిపిస్తుంది. మన్రోకు కనిపించిందట. ఆయన పేరు పిల్లలకే కాదు, తిరుమలలో ఒక పాత్రకూ ఎక్కింది, మన్రో గంగాళమని.

ఇక్కడొక ముచ్చట. 1928లో నంద్యాల సభల్లో మన పెద్దలు దత్తమండలం అన్న మాటను వద్దనుకున్నారు. ఎవరో ఎవరికో దానమిచ్చిన నేల అనిపించుకోవడం అవమానమనిపించి రాయలసీమ అన్న పేరును నిలబెట్టారు. కంపెనీ పెట్టిన పేరును వదిలించుకున్న సీమే, కంపెనీ కలెక్టరు పేరును మాత్రం అంతకు చాలా ముందే ఊయలలో వేసుకుంది. పైనుంచి రుద్దిన పేరు వేరు, తల్లి నోరారా పిలుచుకున్న పేరు వేరు.

మంత్రాలయం నుంచి ఎవరొచ్చినా మా అవ్వ ముందు అడిగేది మంత్రాక్షతలే. కాగితం పొట్లం విప్పి, నాలుగు గింజలు పిల్లల నెత్తిన వేసి, మిగిలినవి బియ్యం డబ్బాలో కలిపేది. అలా ఎందుకని ఒకసారి అడిగాను.

"దొర కూడా అన్నంలోనే వేసుకున్నాడంట కదప్పా" అంది.

"ఏ దొర?"

"ఆ పేరు మనకు నోరు తిరగదులే. అన్నంలో అక్షింతలు వేసుకున్న దొర."