పెట్టె మీది అక్షరం

మొన్న సంక్రాంతి సెలవుల్లో అక్క ఫోన్ చేసింది. "ఒరే, వీడు ఏదో గేమ్ కావాలని ప్రాణం తీస్తున్నాడు. పన్నెండేళ్ళవాడు ఆడొచ్చా?" అని. "పెట్టె మీద ఓ మూల అక్షరమో అంకో ఉంటుంది, చూడు" అన్నాను అలవాటుగా. "పెట్టె ఎక్కడిదిరా, ఫోన్లోకే కదా దిగేది!" అంది.

చప్పున జవాబు తోచలేదు. అసలు ఆ పెట్టె మీదికి ఆ అక్షరం ఎలా వచ్చింది? ఎవరు చెయ్యాల్సిన పనిని ఎవరికి అప్పగించడానికి వచ్చింది? ఆ కథ కాస్త వెనక్కి వెళ్ళి చెప్పుకోవాలి.

వీడియో గేముల్లో హింస మీద మొదటి పెద్ద గొడవ 1976లో, అమెరికాలో జరిగింది. ఎక్సిడీ అనే కంపెనీ 'డెత్ రేస్' అనే ఆట తయారుచేసింది. నలుపు తెలుపు తెర మీద పుల్లల్లాంటి బొమ్మలు పరుగెడుతుంటాయి. కారుతో గుద్దితే బొమ్మ అరుస్తుంది, అది పడ్డ చోట శిలువ గుర్తు లేస్తుంది. అవి మనుషులు కాదు, 'గ్రెమ్లిన్లు' అని కంపెనీ వాదించింది. రోడ్డు భద్రత గురించి పనిచేసే నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ మండిపడింది. ఆ గొడవ వల్ల ఆటకి గిరాకీ పెరిగింది, అది వేరే సంగతి. అప్పట్లో ఆట మెషీన్లు బజార్లో ఉండేవి. పిల్లాడు ఏం ఆడుతున్నాడో పక్కన నిలబడ్డ ఎవరికైనా కనిపించేది.

1993 నాటికి ఆట ఇంట్లోకి, పిల్లల గదిలోకి వచ్చేసింది. ఆ సెప్టెంబర్ 13న 'మోర్టల్ కోంబాట్' ఇళ్ళలో ఆడుకునే మెషీన్ల మీద విడుదలైంది. నింటెండో తన వెర్షన్లో నెత్తురు తీసేసి, దాని బదులు బూడిదరంగు చెమట చుక్కలు పెట్టించింది. సెగా మాత్రం నెత్తుటికి ఓ తాళం వేసింది: ఎ, బి, ఎ, సి, ఎ, బి, బి అని వరసగా మీటలు నొక్కితే అసలు ఆట తెరుచుకుంటుంది. అప్పటికే సెగా సొంతంగా రేటింగ్ మండలి ఒకటి పెట్టుకుంది, ఈ ఆటకి 'పదమూడు పైబడినవాళ్ళకి' అని ముద్ర వేసింది. రెంటిలో సెగా వెర్షనే ఎక్కువ అమ్ముడుపోయింది.

కనెటికట్ సెనేటర్ జోసెఫ్ లీబర్‌మన్ దృష్టికి ఈ విషయం ఎలా వచ్చిందంటే, ఆయన దగ్గర పనిచేసిన అధికారి ఒకరు, మా అబ్బాయి ఈ ఆట కొనిపెట్టమంటున్నాడని చెప్పాడట. మా అక్క ఫోన్ చేసినట్టే! ఆట చూసి సెనేటర్ అదిరిపడ్డాడు. విస్కాన్సిన్ సెనేటర్ హెర్బ్ కోల్‌తో కలిసి 1993 డిసెంబర్ 9న విచారణ మొదలుపెట్టారు. 'నైట్ ట్రాప్' అనే మరో ఆట కూడా బోనెక్కింది. నిజానికి అందులో ఆటగాడి పని ఇంట్లో ఉన్న అమ్మాయిల్ని దుండగుల నుంచి కాపాడటం. సెనేటర్లు మాట్లాడిన తీరు చూస్తే, చంపడమే ఆ ఆట లక్ష్యమని అనిపిస్తుంది. నింటెండో, సెగా ప్రతినిధులైతే సెనేటర్ల ముందే ఒకళ్ళనొకళ్ళు దెప్పుకున్నారు. మేం నెత్తురు తీసేశాం అంటాడు ఒకడు. మా ఆటలు పెద్దవాళ్ళూ ఆడతారు, అందుకే ముద్ర వేశాం అంటాడు ఇంకొకడు. కత్తిరించాలా, చెప్పి వదిలెయ్యాలా? ముప్పై ఏళ్ళయినా వాదన అక్కడే ఉంది.

విచారణ జరిగిన మర్నాడే, డిసెంబర్ 10న, 'డూమ్' విడుదలైంది. దుకాణంలో కాదు, విస్కాన్సిన్ యూనివర్సిటీ సర్వర్ మీద. హెర్బ్ కోల్ సొంత రాష్ట్రంలో! పెట్టె లేదు, కౌంటర్ లేదు, అడిగేవాడు లేడు. మొదటి భాగం ఉచితం. జనం ఎగబడితే ఆ నెట్‌వర్క్ తట్టుకోలేకపోయింది. సెనేటర్లు దుకాణం తలుపు ఎలా కాయాలా అని ఆలోచిస్తుంటే, సరుకు అప్పటికే తీగల్లో ప్రయాణిస్తోంది.

1994లో లీబర్‌మన్ ఒక బిల్లు పెట్టాడు. మీరు రేటింగులు పెట్టుకోకపోతే ప్రభుత్వమే కమిషన్ వేస్తుంది అని దాని సారాంశం. కంపెనీలు హడావిడిగా ఒక సంఘంగా ఏర్పడ్డాయి. ఆ సెప్టెంబర్‌లో ఈఎస్‌ఆర్‌బీ అనే మండలి మొదలైంది. టీ అంటే టీనేజర్లకి, ఎం అంటే పదిహేడు దాటినవాళ్ళకి, ఏఓ అంటే పెద్దలకి మాత్రమే. మన సినిమాల యు, ఎ సర్టిఫికెట్లతో దీన్ని కలపకూడదు. అవి 1952 నాటి చట్టం కింద ప్రభుత్వం ఇచ్చేవి. 'ఎ' సినిమాకి పిల్లల్ని రానివ్వకూడదనేది మన దగ్గర చట్టం. ఈఎస్‌ఆర్‌బీ అక్షరం వెనక చట్టం లేదు. ముద్ర కంపెనీల మండలిది, మాట దుకాణాలది, నిర్ణయం అమ్మానాన్నలది. దీన్ని నేను ఒప్పందం అంటాను. చిత్రమేమిటంటే, ఎక్కువ బరువు మోయాల్సిన మూడో పక్షాన్ని ఎవరూ సంతకం అడగలేదు.

అన్ని దేశాలూ ఇలా వదిలెయ్యలేదు. జర్మనీలో 2003 నుంచి, బ్రిటన్‌లో 2012 నుంచి రేటింగ్‌కి చట్టబలం ఉంది, చిన్నపిల్లలకి అమ్మితే నేరం. కాలిఫోర్నియా కూడా 2005లో అలాంటి చట్టమే చేసింది. 2011 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో దాన్ని కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా, పిల్లలకి చెప్పే గ్రిమ్ సోదరుల కథల్లో నెత్తురు తక్కువా అని అడిగారు. ఈ చట్టం నిలబెట్టేది తల్లిదండ్రుల ఇష్టాన్ని కాదనీ, వాళ్ళు ఏం కోరుకోవాలని ప్రభుత్వం అనుకుంటోందో దాన్ననీ ఆయన వాదన. విభేదించిన ఇద్దరిలో జస్టిస్ థామస్, తల్లిదండ్రుల్ని దాటి పిల్లలతో మాట్లాడే హక్కు ఎవరికీ లేదన్నారు. జస్టిస్ బ్రేయర్, పదమూడేళ్ళవాడికి నగ్న చిత్రాల పత్రిక అమ్మకూడదు గానీ మనుషుల్ని హింసించే ఆట అమ్మొచ్చా అన్నారు. ముగ్గురి మాటా నాకు సబబుగానే తోస్తుంది. చిక్కంతా అక్కడే.

ఒప్పందం పనిచెయ్యలేదని అనలేం. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పిల్లల్ని ఒంటరిగా దుకాణాలకి పంపి పరీక్షించేది. 2000లో నూటికి 85 మంది పిల్లలు 'ఎం' ఆట కొనగలిగారు. 2011 నాటికి అది 13కి పడిపోయింది. కౌంటర్ దగ్గర మనిషి ఉంటే అక్షరానికి విలువ ఉంటుంది.

కానీ ఆ అక్షరం చెప్పేది కంపెనీ చూపించినదాని గురించే. 2005లో 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్' డిస్కులో దాగున్న ఒక శృంగార సన్నివేశాన్ని బయటివాళ్ళు తెరిచారు. ఆటలో దానికి దారి మూసేశారు, కోడ్ మాత్రం డిస్కులోనే ఉండిపోయింది. వాడని కోడ్‌ని తీసెయ్యకుండా పక్కకి తోసి వదిలెయ్యడం మా వృత్తిలో మామూలే. రేటింగ్ ఇచ్చినవాళ్ళు చూసింది కంపెనీ పంపిన వీడియో. ఆ జులైలో రేటింగ్ 'ఎం' నుంచి 'ఏఓ'కి మారింది, పెద్ద దుకాణాలు ఆటని అరల్లోంచి తీసేశాయి.

ఇదే వరసలోని 'వైస్ సిటీ'ని మా తరం వాళ్ళం గంటకి పది రూపాయలిచ్చి ఇంటర్నెట్ సెంటర్లో ఆడాం. దానిదీ 'ఎం' రేటింగే. ఆ సంగతి నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. పెట్టె చూస్తేగా! నాన్న అడిగినప్పుడల్లా "కంప్యూటర్ నేర్చుకుంటున్నా" అనేవాణ్ణి. ఆయన నమ్మారు. నిర్లక్ష్యం అని ఎలా అంటాను? ఆయనకి ఆ అక్షరం చేరే దారే లేదు.

ఇప్పుడు పెట్టె అందరికీ పోయింది. అంతకన్నా పెద్ద మార్పు ఇంకోటుంది. 2022 డిసెంబర్‌లో 'ఫోర్ట్‌నైట్' తయారుచేసిన ఎపిక్ గేమ్స్, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 52 కోట్ల డాలర్లకి రాజీకొచ్చింది. గొడవ నెత్తురు గురించి కాదు. ఆ ఆటది 'టీ' రేటింగే. పిల్లల వివరాలు అమ్మానాన్నల అనుమతి లేకుండా తీసుకున్నారనీ, ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాట్లాడే సదుపాయాన్ని ముందే తెరిచిపెట్టారనీ, పొరపాటున నొక్కినా డబ్బు పోయేలా మీటలు అమర్చారనీ ఆరోపణలు. వీటిలో ఏదీ కథలో లేదు, అన్నీ సెట్టింగుల్లో ఉన్నాయి. ఆన్‌లైన్లో ఎదురయ్యే మనుషులకి మేం రేటింగ్ ఇవ్వలేదని ఈఎస్‌ఆర్‌బీ కూడా ముద్ర పక్కనే చెబుతుంది.

అక్కకి రాత్రి వీడియో కాల్ చేశాను. మా మేనల్లుడు అకౌంట్లో 1990లో పుట్టినట్టు రాసుకున్నాడు. నవ్వొచ్చింది, వాడి వయసులో నేనూ అదే చేసేవాణ్ణి. అసలు పుట్టినరోజు వేయించాను. చాట్ మూయించాను. ఏది కొనాలన్నా అక్క పాస్‌వర్డ్ అడిగేలా పెట్టించాను. పావుగంట కూడా పట్టలేదు. కానీ ఆ పావుగంట పని మా అక్కకి ఎవరు నేర్పాలి? తమ్ముడు సాఫ్ట్‌వేర్‌లో లేని అక్కలకి?

"ఇంతకీ ఆట మంచిదేనా?" అని మళ్ళీ అడిగింది. "వాడి పక్కన కూర్చుని ఓ గంట ఆడి చూడవే" అన్నాను. "నాకా, ఆటలా!" అని నవ్వింది గానీ, ఫోన్ పెట్టేసే ముందు వాడిని "ఒరే, ఆ రెండోది నాకివ్వు" అనడం వినిపించింది.