ఛాతీ మంటకు గ్యాస్ గోలీ ఒక్కటే సరిపోదు

కరీంనగర్‌లో అయినా, ఆదిలాబాద్‌లో అయినా ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు వస్తే చాలామంది ‘గ్యాస్ అయింది’ అని మెడికల్ షాపులో గోలీ తెచ్చుకుంటారు. కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి మళ్లీ మళ్లీ ఎగదన్ని బాధపెడుతుంటే డాక్టర్లు దాన్ని జీఈఆర్‌డీ అంటారు.

ఎలా గుర్తిస్తారు?
ప్రమాద లక్షణాలు లేకపోతే ముందు 8 వారాలు పాంటోప్రజోల్ వంటి మందు ఇస్తారు. దాన్ని టిఫిన్‌కు 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుంటే అంతగా పనిచేయదు. బాధ తగ్గకపోతే ఎండోస్కోపీ చేస్తారు. అది నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. అప్పుడు ముక్కులోంచి సన్నని గొట్టం వేసి 24 గంటలు ఆమ్లాన్ని కొలుస్తారు. అన్నవాహికలో 6 శాతానికి మించిన సమయం ఆమ్లం ఉంటే జబ్బు ఖాయం.

కొత్త చికిత్స
మందు మానలేని 70 మందిపై హైదరాబాద్ ఏఐజీ డాక్టర్లు చేసిన అధ్యయనం 2022లో ‘గట్’ పత్రికలో వచ్చింది. కోత లేకుండా ఎండోస్కోపీతోనే కడుపు పైభాగాన్ని మడిచి కుట్టారు. 3 నెలలకు 65.7 శాతం మందికి బాధ సగమైనా తగ్గింది. కుట్టు వేయకుండా ఉత్తుత్తిగా చేసినవారిలో ఇది 2.9 శాతమే. అయితే ఇది అందరికీ అవసరం పడదు. బరువు తగ్గడం, రాత్రి తిన్నాక 3 గంటలు ఆగి పడుకోవడం కూడా మేలు చేస్తాయి.

ఆలస్యం చేయొద్దు
మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా, నల్లటి విరేచనాలు అయినా వెంటనే డాక్టర్‌కు చూపించండి. ఛాతీ నొప్పితో చెమటలు పడితే, చేయి గుంజితే అది గుండెపోటు కావచ్చు. గోలీ కోసం కాదు, 108కి ఫోన్ చేయండి.