గర్భనిరోధక మాత్ర: హోసూరు, కృష్ణగిరి సీమ

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ అట్టలో 28 మాత్రలుంటాయి. హార్మోన్లున్నవి 21, తెల్లవి. ముదురు రంగులో ఉన్న మిగతా 7 ఇనుము మాత్రలు. ఆ ఏడు రోజుల్లోనే ముట్టు వస్తుంది. రోజూ మింగే అలవాటు తప్పకుండా, నెత్తురు తక్కువైన ఒంటికి కాస్త బలం అందేలా ఈ ఏర్పాటు చేశారు.

ఈ సీమకు మాత్ర కంటే ముందు చర్చే వచ్చింది. 1930లో మైసూరు సంస్థానం బెంగళూరు, మైసూరుల్లో గర్భనిరోధక క్లినిక్‌లు తెరిపించింది. హోసూరు నుంచి బెంగళూరు 40 కిలోమీటర్లే అయినా, హోసూరు, కృష్ణగిరి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని సేలం జిల్లావి. ఆ ప్రెసిడెన్సీలోనే ఈరోడుకు చెందిన పెరియార్ దాదాపు అదే కాలంలో గర్భనిరోధం గురించి రాశారు. పేదరికం, జనాభా అని తక్కినవాళ్లు వాదిస్తుంటే, ఆడదాని స్వేచ్ఛకు ఇది కావాలన్నారాయన. ఆ వాదన ఇప్పటికీ పాతబడలేదు.

మాత్రకు మూలం మెక్సికో అడవి దుంప. అందులోని పదార్థం ఆధారంగా 1951లో మెక్సికో సిటీలోని సింటెక్స్ ప్రయోగశాలలో రసాయన శాస్త్రవేత్తలు జెరాసీ, మిరామోంటెస్ బృందం నోటి ద్వారా పనిచేసే ప్రొజెస్టిన్ అనే హార్మోన్‌ను తయారుచేసింది. అమెరికా పరిశోధకులు పింకస్, రాక్ 1956లో పోర్టోరికోలో పేద స్త్రీలపై తమ మాత్రను పరీక్షించారు. వికారం, తలతిరుగుడు అని వాళ్లు చెప్పినా పెద్దగా పట్టించుకోలేదు. ఎనోవిడ్ పేరుతో 1960లో అమెరికా అనుమతించిన ఆ మాత్రలో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు. మాలా-ఎన్‌లో అది 30 మాత్రమే.

పనిచేసే తీరు సులువే. ఒంట్లో హార్మోన్లు తగినంత ఉన్నాయనుకుని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి అండాశయానికి సంకేతం పంపదు. అండం విడుదల కాదు. గర్భాశయ ముఖం దగ్గరి జిగురు చిక్కబడి వీర్యకణాలకు దారి మూసుకుపోతుంది.

మొదటి నెలల్లో వేవిళ్ల లాంటి వికారం, రొమ్ముల నొప్పి, తలనొప్పి, మధ్యమధ్య నెత్తురు మరకలు కొందరికి మామూలే. అరుదైనా భయపడాల్సింది రక్తం గడ్డకట్టడం. ఏటా 10,000 మంది వాడితే 3 నుంచి 9 మందికి ఇది రావచ్చు. గర్భిణుల్లో, బాలింతల్లో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. రక్తపోటు ఉన్నవాళ్లు, 35 దాటి పొగతాగేవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో పార్శ్వపు తలనొప్పి వచ్చేవాళ్లు వాడకూడదు. క్షయకు రిఫాంపిసిన్ తింటుంటే మాత్ర సరిగా పనిచేయదు. మరోవైపు, అండాశయ క్యాన్సర్ ముప్పును ఈ మాత్రే తగ్గిస్తుంది.

ఇంత చరిత్ర ఉన్నా, ఈ సీమ ఇప్పుడున్న తమిళనాట పిల్లలు చాలనుకున్న ఇంట్లో ఆపరేషన్‌దే పైచేయి. కలయిక తర్వాత 72 గంటల్లోపు వేసుకోవాల్సిన అత్యవసర మాత్ర కథ మరీ విచిత్రం. 2005 నుంచి దేశంలో దానికి డాక్టరు చీటీ అక్కర్లేదు. అయినా ఈ రాష్ట్రంలో చాలా మందుల షాపులు దాన్ని పెట్టవు. హోసూరు దాటి కర్ణాటకలోని అత్తిబెలె చేరితే రాష్ట్రం మారుతుంది, చట్టం మాత్రం అదే.