అలసటకు కొలబద్ద: ఎవరి అలసటను కొలుస్తున్నాం?

ఆసుపత్రిలో పనిచేసేవాళ్ల అలసటను అంకెల్లోకి తెచ్చిన చరిత్ర మరీ పాతదేం కాదు. న్యూయార్క్‌లోని ఒక ఉచిత వైద్యశాలలో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కొన్ని నెలలకే వడిలిపోవడం ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు గమనించాడు. 1974లో ఆ స్థితిని 'బర్నవుట్' అన్న పేరుతో రాశాడు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దానికి కొలబద్ద తయారుచేశారు. అందులో 22 వాక్యాలుంటాయి. ఒక్కోటి ఎంత తరచుగా అనిపిస్తుందో 0 నుంచి 6 దాకా చెప్పాలి. మనసు ఎంత అలసిపోయింది, రోగిని వస్తువులా చూడటం ఎంతవరకు వచ్చింది, చేసిన పనిలో తృప్తి ఎంత మిగిలింది అన్న మూడు సంగతులు తేలుస్తారు. డాక్టర్ల మీదా, నర్సుల మీదా ఎక్కువగా వాడింది దీన్నే.

దీనివల్ల మేలు జరగలేదని కాదు. అలసట సోమరితనం కాదని చెప్పుకోడానికి ఒక ఆధారం దొరికింది. అయితే ఈ కొలబద్ద ఊహించుకున్న ఉద్యోగి ఎవరు? రోగి మీద ఎంతో కొంత అధికారం ఉన్న మనిషి. మన సర్కారు దవాఖానాల్లో వార్డు ఊడ్చి, మలమూత్రాలు ఎత్తి, నెత్తుటి గుడ్డలు మోసే కాంట్రాక్టు కార్మికురాలి సంగతి దీనికి తలకిందులు. ఈ పని తరతరాలుగా దళితుల నెత్తిన పడిందే. ఆమె రోగిని వస్తువులా చూసే మాట అటుంచండి, ఆమెనే చీపురుతో కలిపి చూసేవాళ్లు చుట్టూ ఉంటారు. పేరు పెట్టి పిలవకుండా "ఏయ్, ఇటు రా" అనే పిలుపుకు ఆ 22 వాక్యాల్లో చోటు లేదు.

2005లో డెన్మార్క్ పరిశోధకులు మరో కొలబద్ద తెచ్చారు. పనివల్ల వచ్చే అలసటను, సేవ పొందేవాళ్లవల్ల వచ్చే అలసటను విడదీశారు. అందులోనూ కులం రాదు. ఆ ప్రశ్న వెయ్యాల్సింది డెన్మార్క్ వాళ్లు కాదు, మనం.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ను జబ్బుగా కాక, అదుపు చెయ్యని ఉద్యోగ ఒత్తిడి ఫలితంగా నిర్వచించింది. అంటే కారణం పనిలో వెతకాలి. మన దగ్గర ఆ పనిని పంచిపెట్టింది కులం. కులం పనితోపాటు పనిచేసేవాళ్లనే విడదీస్తుందని 1936లోనే అంబేద్కర్ తేల్చి చెప్పారు.

2020 మార్చిలో కేంద్రం ప్రకటించిన 50 లక్షల కోవిడ్ బీమాలో డాక్టరూ, సఫాయి కార్మికురాలూ ఒకే జాబితాలో ఉన్నారు. చావుకు ఒకే లెక్క కట్టినప్పుడు బతికున్న మనుషుల అలసటకు రెండు లెక్కలేంటి? ఇంగ్లీషు ప్రశ్నాపత్రాన్ని తర్జుమా చేసే ముందు పరిశోధకులు ఆమె దగ్గర కూర్చోవాలి. ఏ పనికి అలసిపోతున్నావమ్మా, ఏ మాటకు అలసిపోతున్నావమ్మా అని అడగాలి. మన కొలబద్ద ఆ జవాబుల్లోంచే రావాలి.